లింగమును పట్టిన ఎడమ చేయి

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



శాసనసభ ఎన్నికలు సమీపించినపుడెల్ల మఠమునకు వచ్చు భక్తులు ఒక ప్రశ్న వేయుట వాడుక. "స్వామీ, ఈసారి ఎవరికి వేయమంటారు?" అని. ఆ ప్రశ్నకు నేనెన్నడును ఒక పేరు చెప్పి యెరుగను. ఎందుకు చెప్పనో ముందు ముందు మనవి చేయుదును. అయితే ఎవరికి వేయవలెననునది వేరు, ఎట్లు నిర్ణయించుకొనవలెననునది వేరు. ఈ రెండవదానిని గూర్చి అడిగినపుడు, విభూతి ధరించి పీఠము మీద కూర్చున్నవాడు "అది రాజకీయము, మాకేల?" అని తప్పించుకొనుట న్యాయము కాదు. చాల యేండ్లు నేనును అట్లే తప్పించుకొంటిని. ఆ అలవాటును నాచేత మాన్పించినది ఒక ముసలి తల్లి.

2023వ సంవత్సరము నవంబరు 30వ తేదీన తెలంగాణ శాసనసభకు పోలింగు జరిగినది. పోలింగు ముగియు సమయమునకు నలుబది యెనిమిది గంటలు ముందుగా ప్రచారము ఆగిపోవలెనని చట్టము. మైకులు మూగవోయి, జెండాలు కట్టిన జీపులు వెళ్లిపోయి, ఊళ్లు నిశ్శబ్దమైన ఆ రాత్రి మన పల్లెలలో ఏమి జరుగునో మీకందరకు తెలిసినదే. మరునాడు తెల్లవారగనే జహీరాబాదు ప్రాంతపు ఒక పల్లె నుండి డెబ్బది యేండ్లు దాటిన వృద్ధురాలు ఆటో ఎక్కి మఠమునకు వచ్చెను. దర్శనము చేసికొని, అందరును వెళ్లు వరకు స్తంభము చాటున కూర్చుండెను. పిదప దగ్గరకు వచ్చి మెల్లగా ఇట్లు చెప్పెను:

"అయ్యా, రాత్రి మా వాడకు వచ్చి ఓటుకింత అని పైసలు పంచిండ్రు. నా చేతిల పెట్టి, మెడల లింగం మీద చెయ్యేయించి ఒట్టు పెట్టించుకున్నరు. ఆ మనిషికి ఓటెయ్య నా మనసు ఒప్పుత లేదు. ఎయ్యకుంటె లింగం కోపం చేస్తదా?"

నేను నవ్వితిని. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాను. సభలలో నాయకులు చప్పట్ల కొరకు చెప్పు మాటనే నేనును చెప్పితిని. "పైసలు తీసుకొంటివి గదా, ఓటు మాత్రము నీ ఇష్టమైనవానికి వేయుము తల్లీ" అని.

ఆమె నా ముఖము వైపు కొంతసేపు చూచి, "అట్లంటె పైసలిచ్చినోనికి ఒక అబద్ధం, లింగానికి ఒక అబద్ధం. ఈ వయసుల రెండు అబద్ధాలు నేనెట్ల మోస్త అయ్యా?" అనెను.

నాకు మాట రాలేదు. ప్రసాదము తీసికొని కొంతసేపు ఆగుమని చెప్పి, లోపలికి వెళ్లి కూర్చుంటిని. ఆ పూట నాకు తోచినదియు, తరువాత పెద్దలతో విచారించి తెలిసికొన్నదియు ఈ ప్రసంగమున మీ ముందుంచుచున్నాను.

మొదట ఒట్టు సంగతి. ఇష్టలింగము బేరమునకు సాక్షి కాదు. దీక్షాసమయమున గురువు మన ఎడమ అరచేతిలో లింగమునుంచినపుడు మనము చేసిన సమర్పణ యొకటి కలదు. తనువు గురువునకు, మనస్సు లింగమునకు, ధనము జంగమమునకు అర్పించుటయే భక్తుని వ్రతము. మనస్సు ఒకసారి లింగమునకు అర్పితమైన పిదప, ఆ మనస్సు చేయవలసిన నిర్ణయమును మరియొకనికి తాకట్టు పెట్టు అధికారము మనకు ఎక్కడిది? ఒకే పొలమును రెండు బ్యాంకులలో కుదువ పెట్టిన రైతును మీరెరుగుదురు. రెండవచోట వ్రాసియిచ్చిన కాగితము మొదటిదానిని మించి చెల్లదు. అట్లే అర్ధరాత్రి గుమ్మములో నిలిచినవాడు చేయించిన ఒట్టు చెల్లదు. అది చెల్లకపోవుటకు లింగమునకు కోపము రాదు. కోపము రావలసినదే అయినచో, ముసలి తల్లి మెడలోని లింగకాయను పూచీకత్తుగా వాడుకొన్నవాని మీద రావలెను.

ఈ మాట నా సొంత తర్కమేనా అని అనుమానించి, న్యాయవాద వృత్తిలోనున్న ఒక భక్తుని అడిగితిని. వారు చెప్పినది విని ఆశ్చర్యపడితిని. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షనులో ఓటరును అనుచితముగా ప్రభావితము చేయుటను గూర్చి ఒక నిబంధన కలదు. "ఇట్లు వేయనిచో దైవాగ్రహమునకు గురి యగుదువు" అని అభ్యర్థి గాని, అతని ఏజెంటు గాని, వారి సమ్మతితో మరియెవరైన గాని ఓటరును నమ్మింప జూచుట ఎన్నికల అక్రమముగా అందులో చెప్పబడినది. "లింగం కోపం చేస్తదా?" అని ఆ తల్లి పడిన భయమును చట్టము వ్రాసినవారు ముందుగనే ఊహించిరన్నమాట. పల్లెల సంగతి తెలిసినవారే వ్రాసియుందురు.

మా మఠమునకు వచ్చు పెద్దలలో ఒకరు నాతో ఏకీభవింపలేదు. ఒట్టు ఎట్టిదైనను ఒట్టే, కావున ఆమె పోలింగునకు పోకుండ ఇంట కూర్చుండుటయే మేలని వారి అభిప్రాయము. వారి నిష్ఠ యందు నాకు గౌరవమున్నది. కాని దళారి కోరునది రెండు విధములు. తనకు అనుకూలమైన ఓటు పడవలెను, లేనిచో ప్రతికూలమైన ఓటు పడకుండవలెను. ఇంట కూర్చున్నచో రెండవ కోరిక మనమే తీర్చినట్లగును.

ఇక భయము సంగతి. "ఎవరికి వేసినది మాకు తెలియును, మిషను చెప్పును" అని ఆ కుర్రవాండ్రు ఆమెను బెదరించిరట. ఇది అబద్ధము. మీట నొక్కినపుడు ప్రక్కనున్న పెట్టెలో చిన్న కాగితపు చీటి యొకటి అద్దము వెనుక ఏడు సెకన్లు కనబడి, తెగి లోపల పడిపోవును. ఆ చీటి మీద అభ్యర్థి పేరు, గుర్తు ఉండును గాని ఓటరు పేరుండదు. తెర వెనుక నిలిచినపుడు నీవును, నీ లింగమును తప్ప మూడవవారు లేరు. ఈ సంగతిని మన యువకులు ఇంటింటికి పోయి ముసలివారికి చెప్పవలెను. పార్టీల కరపత్రములు పంచుటకు చూపు ఉత్సాహములో పదవవంతు దీనికి చూపినను చాలును.

ఇప్పుడు అసలైన చిక్కునకు వత్తము. ఒట్టు చెల్లదు, సరే. చేతిలోని సొమ్ము మాట ఏమి?

అయిదక్కి మారయ్య కథ మీలో చాలమందికి తెలియును. ఆయన రాయచూరు సీమలోని అమరేశ్వరము నుండి భార్య లక్కమ్మతో కూడ కల్యాణమునకు వచ్చిన శరణుడు. బసవన్న మహామనె ముంగిట, దాసోహపు వేళ జారిపడిన బియ్యపు గింజలను ఏరుకొని వచ్చుట ఆయన కాయకము. ఆ గింజలతోనే లక్కమ్మ వంట చేసి జంగమములకు పెట్టి, మిగిలినది దంపతులు ప్రసాదముగా స్వీకరించువారు. ఒకనాడు మారయ్య రోజువలె గాక ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ ఒడిలోని బియ్యమును చూచి సంతసింపలేదు. మనకు నిత్యము చాలునంతకు మించి ఇది యేల వచ్చినదని అడిగి, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను.

ఈ కథను మనము కార్తిక మాసపు ప్రవచనములలో విని, ఎంత గొప్ప తల్లియని కన్నులు తుడుచుకొని ఇంటికి పోవుదుము. కాని ఆలోచింపుడు. ఆ బియ్యము దొంగసొమ్ము కాదు, లంచము కాదు. నేల మీద పడిన గింజలు. మారయ్య వంగి, ఏరి, చెమటోడ్చి తెచ్చినవి. వానికి ప్రతిగా ఎవ్వరును ఏమియు కోరలేదు. ఐనను లక్కమ్మ వద్దనెను. ఆమెకు కావలసినది ఆ దినపు కాయకమునకు తగిన ఫలమే. అట్టి తల్లి పేరు చెప్పుకొను ఇండ్లలోనికి, ఏ పనియు చేయని చేతికి, అర్ధరాత్రి, లిస్టులో పేరు చూచి నోట్లు వచ్చుచున్నవి. అవి కాయకపు ఫలమా? కాదు. దాసోహమా? దాసోహము చేయువాడు తిరిగి ఏమియు కోరడు, ఒట్టు వేయించుకొనడు. మరి అది యేమి? పంచువారు మాత్రము కొన్నిచోట్ల "ప్రసాదమనుకొని తీసుకో" అని చెప్పుచున్నారట. అష్టావరణములలో ఒకటైన పదమును సైతము వారు వదలలేదు.

ఇచ్చుట మాత్రమే నేరమని కొందరి భ్రమ. పుచ్చుకొనుటయు నేరమే. పూర్వము ఇండియన్ పీనల్ కోడులోను, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను ఓటునకు ప్రతిఫలము ఇచ్చినవానితో పాటు స్వీకరించినవానికిని శిక్ష కలదు. ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అయితే శిక్షకు భయపడి మానుమని చెప్పుట నా ఉద్దేశము కాదు. శిక్ష పడినవారిని మనము పెద్దగా చూడము గదా! నాకు దుఃఖము కలిగించునది వేరొకటి. 2021లో హుజూరాబాదు ఉపఎన్నిక సమయమున, తమకు డబ్బు అందలేదని ఓటర్లే రోడ్డెక్కి నిలదీసిన వార్తలు వచ్చినవి. పుచ్చుకొనుటకు సిగ్గుపడిన కాలము నుండి, అందలేదని అడుగు కాలమునకు వచ్చితిమి.

పేదవారిని గూర్చి నేను కఠినముగా మాటాడుచున్నానని కొందరికి తోచవచ్చును. మందులకు డబ్బులేని ముసలిదానికి నీతులేల యని అడుగవచ్చును. నిజమే. ఆ తల్లియే చెప్పినది, వచ్చినదానిలో సగము ఆ దినముననే మోకాళ్ల నొప్పుల మందులకు ఖర్చయినదని. ఆమెను దోషిగా నిలబెట్టుట నాకు ఇష్టము లేదు. సర్కారు దవాఖానలో ఆ మందులు దొరకియుండినచో ఆమె చేయి చాచవలసిన పని లేకుండెడిది. ఆ దవాఖాన రాష్ట్ర ప్రభుత్వము చేతిలోనిది. అనగా ఏ ఓటును అమ్ముకొని ఆమె మందులు కొనుక్కొన్నదో, ఆ ఓటు చేయవలసిన పని ఆ మందులను ఆమెకు హక్కుగా ఇప్పించుటయే. ఈ మాట ఆమెకు చెప్పినపుడు, "ఆ దవాఖానల డాక్టరు ఉంటె గద అయ్యా" అనెను. ఆ ఒక్క మాటతో, ఎవరిని ఏమి అడిగి ఓటు వేయవలెనో ఆమె నాకంటె బాగుగ చెప్పినట్లయినది.

శాసనసభకు ఎన్నుకొనునపుడు మనము దేనికొరకు ఎన్నుకొనుచున్నామో స్పష్టముగ నెరుగవలెను. పోలీసు, ప్రజారోగ్యము, సాగునీరు, వ్యవసాయము, భూమి, ఇవియన్నియు రాజ్యాంగములో రాష్ట్ర జాబితాలోనివి. చదువు 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోనికి పోయినను, మన ఊరి బడి రాష్ట్రము చేతిలోనే యున్నది. మన పట్టాదారు పాసుపుస్తకముల గతి చూడుడు. తెలంగాణలో 2020లో ధరణి వచ్చినది, 2025లో దాని స్థానమున భూభారతి చట్టము వచ్చినది. రెండును శాసనసభలో చేతులెత్తి ఆమోదించిన చట్టముల వలన వచ్చినవే. ఆ చేతులు మనము పంపిన చేతులు. ఆంధ్రప్రదేశ్ లోని మన బంధువులు 2024 మే 13న ఒకే దినమున లోక్ సభకు ఒక ఓటు, శాసనసభకు ఒక ఓటు వేసిరి. అట్టిచోట ఢిల్లీ సంగతిని, ఊరి సంగతిని కలగలిపి, రెండు మీటలు ఒకే ఊపున నొక్కి వచ్చుట సులభము. రెండు నిర్ణయములును వేరువేరుగ చేయదగినవి.

పేర్లకు మోసపోవలదు. 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్ లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకములకు శంకుస్థాపన జరిగినది. ఒక నీటి పథకమునకు మన బసవేశ్వరుని పేరు పెట్టిరని సంతోషించుట సహజమే. నేనును సంతోషించితిని. కాని పథకమునకు పెట్టిన పేరు చూచి నమస్కరించుట ఒకటి, నీరు చివరి పొలము వరకు ఎప్పుడు పారునని ఓట్లడుగ వచ్చిన ప్రతి పార్టీవానిని నిలిపి అడుగుట ఒకటి. బసవన్నకు ఇష్టమైనది రెండవదియే యని నా నమ్మకము.

అడిగినపుడు లెక్క చెప్పగలవాడా కాడా, ఇది చూడవలసిన ముఖ్య లక్షణము. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణములో ఒక ఘట్టము కలదు. బిజ్జలుని భండారమును చూచు బసవన్న రాజధనమును జంగమములకు దోచిపెట్టుచున్నాడని గిట్టనివారు కొండెములు చెప్పిరి. రాజు నమ్మి నిలదీసెను. బసవన్న కోపింపలేదు, పదవి గొప్ప చెప్పుకొనలేదు, చెప్పినవాని మీద పగ పట్టలేదు. లెక్క చూచుకొనుమని భండారమును తెరిపించెను. ధనము తరుగలేదని తేలెను. అందు శివుని మహిమను చూచువారు చూతురు. నాకు మాత్రము ప్రతిసారియు, లెక్క అడిగిన వెంటనే పెట్టె తెరచిన మంత్రి కనబడును.

ఈనాడు ఆ పెట్టె తెరచుటకు చట్టమే మార్గము చేసియున్నది. సుప్రీంకోర్టు 2002, 2003 సంవత్సరములలో ఇచ్చిన తీర్పుల ఫలితముగా ప్రతి అభ్యర్థియు తన ఆస్తులు, అప్పులు, చదువు, తన మీదనున్న క్రిమినల్ కేసులు అఫిడవిట్ లో ప్రకటింపవలసి యున్నది. ఎన్నికల సంఘము వానిని అందరికిని చూపుచున్నది. ఇంటిలో కాలేజీ చదువు పిల్లలున్నచో ఫోనులో చూచి చదివి వినిపింపగలరు. గతమున గెలిచిన అభ్యర్థి యైనచో నాటి అఫిడవిట్ ను, నేటి అఫిడవిట్ ను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. అయిదేండ్లలో ఆస్తి ఎంత పెరిగినది, ఏ కాయకము వలన పెరిగినది అని అడుగుడు. శాసనసభ అభ్యర్థి ఎన్నికలలో చేయదగిన ఖర్చునకు మన రెండు రాష్ట్రములలో 2022లో నిర్ణయించిన పరిమితి 40 లక్షల రూపాయలు. మీ ఊరిలో పంచినదానిని మీ నియోజకవర్గములోని ఊళ్ల సంఖ్యతో గుణించి చూచినచో, ఆ మనుష్యుడు గెలువకముందే ఎంత అబద్ధమాడవలసి వచ్చినదో తెలియును.

కేసుల విషయమున ఒక మాట. కేసు ఉన్నంత మాత్రమున మనుష్యుడు చెడ్డవాడని తీర్మానింపరాదు. సమగార హరళయ్య కుమారునికి, మధువరసుని కుమార్తెకు పెండ్లి చేసినందుకు బిజ్జలుడు ఆ తండ్రులిద్దరిని ఘోరముగ శిక్షించెను. నాటి రాజ్యము దృష్టిలో వారు నేరస్థులే. కావున కేసు ఎట్టిదో చదువుడు. ధర్నాలో కూర్చున్నందుకు పెట్టిన కేసు ఒకటి, ఇసుక కొరకు మనుష్యులను కొట్టిన కేసు ఒకటి.

ఇక మన ఇండ్లలో ఎవరును మాటాడని విషయము. చాల లింగాయత కుటుంబములలో ఇంటి యజమాని తన ఇంటి ఓట్లన్నిటిని ఒక మూటగ కట్టి, "మా ఇంట ఆరు ఓట్లు" అని మాట యిచ్చి వచ్చుచున్నాడు. ఆరుగురిలో ముగ్గురు స్త్రీలు. వారిని అడిగినవారు లేరు. కల్యాణములోని శరణ స్త్రీలు తమ అనుభవమును తమ అంకితముతో తామే చెప్పిరి. లక్కమ్మ భర్త తెచ్చిన బియ్యమును వెనుకకు పంపినదే గాని, యజమాని తెచ్చినాడు గదా యని వండలేదు. అట్టి సంప్రదాయములో పుట్టిన ఇల్లాలు పోలింగు బూతుకు పోవుచు భర్తను "ఏ గుర్తు?" అని అడుగుట చూచినచో నాకు బాధ కలుగును. పదునెనిమిదేండ్లు నిండిన మనుమరాలికిని ఓటు కలదు. ఆమెకు వేరు అభిప్రాయముండుట ఇంటికి అవమానము కాదు.

"మనవాడు" అను మాట మిగిలియున్నది. నేను అందరికంటె ఎక్కువ విను వాదము ఇదియే. "స్వామీ, మన సంఖ్య తక్కువ. మనవాడే సభలో లేకున్న మన గోడు ఎవరు చెప్పుదురు? 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మనలను వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చినది ఊరకనే చేర్చినదా? మన పెద్దలు తిరిగి తిరిగి అడిగినందుకు గదా!" అందురు. ఈ వాదమును నేను తేలికగ త్రోసివేయను. మన పిల్లల చదువులు, ఉద్యోగములు దానితో ముడిపడి యున్నవి. అడుగుట తప్పు కాదు. ఏ అభ్యర్థి నైనను, ఏ కులమువాని నైనను, మా పిల్లల సంగతి ఏమి చేయుదువని అడుగవచ్చును. కాని "మనవాడు" అన్న ఒక్క మాటతో మిగిలిన ప్రశ్నలన్నిటిని మానుకొనుటకు పంచాచారములలోని గణాచారమును సాక్ష్యముగ తెచ్చువారితో నాకు పేచీ. గణాచారమనగా మనవారు చేసినదెల్ల మోయుట కాదు. శరణ మార్గమునకు కీడు కలిగినపుడు, ఆ కీడు మనవాని వలన కలిగినను సరే, నిలిచి ఎదిరించుట. దాని ప్రక్కనే భృత్యాచారము కలదని మరువరాదు. తాను అందరికిని సేవకుడననుకొనుట అది. గెలిచిన తరువాత మన గుమ్మము తొక్కనివాడు లింగధారి యైనను భృత్యాచారి కాడు.

అనుభవ మంటపమును తలచుకొనుడు. దానిని కట్టినవాడు బసవన్న. మంత్రి, పలుకుబడి గలవాడు. శూన్యపీఠము మీద తానే కూర్చుండవచ్చును, తన బంధువును కూర్చుండబెట్టవచ్చును. అచ్చట కూర్చున్నది అల్లమప్రభువు. మద్దెల వాయించు వృత్తి నుండి వచ్చినవాడు. చుట్టును కూర్చున్నవారు బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, చెప్పులు కుట్టు హరళయ్య. ఆ పీఠమునకు పుట్టుకను బట్టి "మనవాని"ని ఎన్నుకొనియుండినచో మనకు అల్లముడు లేడు, వచన వాఙ్మయములో సగము లేదు. ఆ మంటపపు వారసులమని చెప్పుకొను మనము, అయిదేండ్లకొకసారి పీఠమునకు మనుష్యుని ఎన్నుకొనునపుడు మొదట ఇంటిపేరు అడుగుచున్నాము.

నేను పేరు చెప్పకపోవుటకు కారణము ఇందులోనే యున్నది. చట్టమును కలదు. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, నలుగురి ఆధిక్యముతో, అభ్యర్థి మతకులముల పేరిటనే గాక ఓటరు మతకులముల పేరిట ఓటడుగుటయు అక్రమమని తీర్పు చెప్పినది. కాని చట్టము లేకున్నను నేను చెప్పను. పాదోదకము తీసికొను చేతులకు నేను ఒక గుర్తును చూపినచో, రాత్రివేళ ఒట్టు వేయించిన కుర్రవానికిని నాకును భేదమేమి? వాడు నోటు చూపి లింగము మీద చేయి వేయించినాడు. నేను నోటు లేకుండ వేయించినట్లగును. కావున మన మఠాధిపతులకు వినయముగ నా విన్నపము. నామినేషన్లు మొదలైన దినము నుండి పోలింగు ముగియు వరకు ఏ అభ్యర్థికిని వేదిక మీద శాలువ కప్పవలదు. అతడు భక్తుడై వచ్చినచో అందరి వరుసలో నిలిచి విభూతి తీసికొని పోవును. ఫోటో అవసరము లేదు. దాసోహమునకు ఆ దినములలో వచ్చు బియ్యపు బస్తాలు ఎవరు పంపినవో చూచుకొని దింపించుడు.

ఎవరును నచ్చనిచో నోటా కలదు. సుప్రీంకోర్టు తీర్పు వలన 2013లో వచ్చినది. దానికెన్ని ఓట్లు పడినను, అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుచును. కావున అది నిరసనయే గాని ఎంపిక కాదు. అందరి అఫిడవిట్లును చదివి, అందరిని ప్రశ్నించి, ఒక్కడును దొరకలేదన్నవారికే అది తగును.

పోలింగు నాడు ఉదయమే లింగపూజ ముగించుకొని పొండు. సిరా చుక్క పెట్టునది ఎడమ చేతి చూపుడు వ్రేలికి. మనము ఇష్టలింగమును నిలుపుకొని పూజించునదియు ఆ ఎడమ అరచేతిలోనే. మరునాడు పూజకు కూర్చున్నపుడు లింగముతో పాటు ఆ నల్లని గుర్తును మనకు కనబడుచుండును. నాకు ఈ సంగతి ఇన్నేండ్లు తట్టనే లేదు. ఆ తల్లి చేయి చూచినపుడు తట్టినది.

ఆమె ఫలితములు వచ్చిన డిసెంబరు 3వ తేదీ తరువాత మరల వచ్చెను. ఎవరికి వేసితివని నేనడుగలేదు, ఆమె చెప్పలేదు. గోరు మీద సిరా చెక్కుచెదరలేదు. మందులకు ఖర్చయిన సొమ్మును పూడ్చుటకు ఆ వయస్సులో పొరుగువారి చేనిలో పత్తి ఏరినదట. మొత్తము సరిచేసుకొని, పంచిన కుర్రవాని ఇంటికి తీసికొని పోయినది. వాడు పరాయివాడు కాడు, ఆమె అక్క మనుమడే. మెడలో లింగమున్నవాడే. "అవ్వా, నీ పేరు మీద లిస్టుల టిక్కు పెట్టిన. ఇప్పుడు వాపసు ఇస్తె పైన నేనేం జెప్పాలె? నాకే తిట్లు పడ్తయి" అని తలుపు దగ్గరకు వేసికొన్నాడట.

"హుండిల వేస్త అయ్యా" అనెను. వలదంటిని. కాయకపు సొమ్ము కానిదానితో దాసోహము చేయరాదు గదా. "మరి ఏం చెయ్యాలె?" అని అడిగెను.

ఇప్పటికిని ఆ నోట్లు వార్తాపత్రిక ముక్కలో చుట్టి ఆమె ఇంటి గూటిలోనే యున్నవి. సరియైన సమాధానము నాకింకను తోచలేదు. పెద్దలెవరికైన తోచినచో పత్రికకు వ్రాయ ప్రార్థన. ఆ తల్లికి నేనే చదివి వినిపింతును.